ఏడు తరువాత పది: లూపులతో లెక్కలు (పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయానికి సంబంధించినవి కావడంతో శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాం. పది అంకెల దశాంశ పద్ధతిలో కాక రెండు, ఎనిమిది, పదహారు వంటి ఇతర ఆధారాల్లో సంఖ్యలను లూపుల సాయంతో లెక్కపెట్టడం ఆ విషయం. ఒక సంఖ్యామానంలో ఎన్ని అంకెలు ఉంటాయో ఆ సంఖ్యనే ఆధారం అంటారు. కంప్యూటర్ తరగతుల్లో వినిపించే బేస్ అనే మాటకు అర్థం అదే. ప్రోగ్రామ్‌లో ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే వాక్యాలను లూపు అంటారు; ఎక్కడి నుండి ఎక్కడి వరకో ముందే చెప్పి తిప్పేది ఫర్ లూపు, ఒక షరతు నిలిచినంతవరకు తిరిగేది వైల్ లూపు.

ప్రశ్న: నేను పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా రెండవ సంవత్సరం చదువుతున్నాను. ఆధారం ఎంతో, అంకెలు ఎన్నో చెబితే సున్నా మొదలుకొని ఆ ఆధారంలో వచ్చే సంఖ్యలన్నిటినీ వరుసగా ముద్రించే ప్రోగ్రామ్ రాయమని మా సార్ ఇచ్చారు. ఎనిమిది ఆధారం కోసం మొదట 0 నుండి 777 వరకు ఒకే ఫర్ లూపు పెట్టాను. 7 తరువాత 10 రావలసిన చోట 8, 9 వచ్చాయి. తరువాత ఒకదానిలో ఒకటిగా మూడు లూపులు పెడితే సరిగ్గా వచ్చింది. కానీ నాలుగు అంకెలు కావాలంటే నాలుగో లూపు, ఐదు కావాలంటే ఐదో లూపు చేర్చవలసి వస్తోంది. ఎన్ని లూపులు కావాలో ముందుగా తెలియనప్పుడు ఏం చేయాలి? (ఒక విద్యార్థి, కాకినాడ)

జవాబు: మీ మొదటి ప్రయత్నం ఎందుకు తప్పిందో ముందు చూద్దాం, ఎందుకంటే తక్కిన సందేహాలన్నిటికీ మూలం అక్కడే ఉంది. సంఖ్య వేరు, దానిని కాగితం మీద రాసే పద్ధతి వేరు. బుట్టలో ఉన్న మామిడి పళ్లు పన్నెండైతే, వాటిని దశాంశంలో 12 అని రాసినా, ఎనిమిది ఆధారంలో 14 అని రాసినా, రెండు ఆధారంలో 1100 అని రాసినా బుట్టలో పళ్లు పెరగవు, తరగవు. ఫర్ లూపు లెక్కపెట్టేది పళ్లను. మీరు అడుగుతున్నది రాత గురించి. 0 నుండి 777 వరకు అన్నప్పుడు కంప్యూటర్ ఆ 777ను దశాంశ సంఖ్యగానే తీసుకుని ఏడు వందల డెబ్బై ఎనిమిది సంఖ్యలను నడిపించింది. మీరు ఉద్దేశించిన 777 ఎనిమిది ఆధారంలోనిది. దాని విలువ దశాంశంలో 511 మాత్రమే. కనుక మీకు కావలసినవి సున్నాతో కలిపి 512 సంఖ్యలు.

మూడు లూపుల పద్ధతి ఎందుకు పనిచేసిందో తెలుసుకోవడానికి పాత కరెంటు మీటరును గుర్తుకు తెచ్చుకోండి. అద్దం వెనక అంకెలు అచ్చువేసిన చక్రాలు పక్కపక్కనే ఉండేవి. కుడివైపు చక్రం ఒక చుట్టు పూర్తిచేసి మళ్లీ సున్నాకు వచ్చే సమయానికి దాని ఎడమ చక్రాన్ని ఒక్క అంకె ముందుకు నెట్టేది. మీ మూడు లూపులు అటువంటి మూడు చక్రాలే: అన్నిటికంటే లోపలి లూపు కుడివైపు చక్రం, అన్నిటికంటే బయటి లూపు ఎడమవైపు చక్రం. లోపలి లూపు 0 నుండి 7 వరకు పూర్తిగా తిరిగిన తరువాతనే దాని బయటి లూపు ఒక అడుగు వేస్తుంది. ఎనిమిదిని ఎనిమిదితో, మళ్లీ ఎనిమిదితో హెచ్చిస్తే 512, లెక్క సరిపోయింది.

చిక్కు ఏమిటంటే, ఈ చక్రాల సంఖ్య ప్రోగ్రామ్ పాఠంలోనే బిగిసిపోయి ఉంది. లూపులో లూపు అన్నది మీరు రాసే వాక్యాల అమరిక కనుక, ప్రోగ్రామ్ నడుస్తుండగా వాడేవారు ఐదు అని చెప్పినంత మాత్రాన అందులో మరో రెండు వాక్యాలు పుట్టవు. దీనికి మార్గం చక్రాలను వాక్యాల్లో నుండి తీసి డేటాలో పెట్టడం. అంటే చక్రానికి ఒక లూపు కాదు, చక్రానికి ఒక గడి. లిస్టులో, అంటే గడుల వరుసలో, గడులు ఎన్నయినా ఉండవచ్చు, దానికి ముందుగా మాట ఇవ్వనవసరం లేదు.

ఎన్ని అంకెలు కావాలో అన్ని సున్నాలతో ఒక లిస్టును తయారుచేసి, ఒక వైల్ లూపు మొదలుపెట్టండి. లూపులోకి వచ్చిన ప్రతిసారీ ముందుగా లిస్టులో ఉన్న అంకెలను ముద్రించాలి. తరువాత కుడి చివరి గడి దగ్గర మొదలుపెట్టి, అందులో ఉన్నది ఆ ఆధారంలోని అతి పెద్ద అంకె, అంటే ఆధారం కంటే ఒకటి తక్కువైన అంకె, అయినంతవరకు దానిని సున్నా చేస్తూ ఒక్కొక్క గడి ఎడమకు జరగాలి. ఈ జరగడం కూడా ఒక చిన్న వైల్ లూపే. అతి పెద్ద అంకె కాని గడి తగిలిన చోట ఆగి, అందులోని అంకెకు ఒకటి కలిపి, మళ్లీ ముద్రణకు వెళ్లాలి. అటువంటి గడి తగలకుండానే లిస్టు ఎడమ అంచు దాటిపోతే అన్ని చక్రాలూ తిరిగి సున్నాకు వచ్చాయని అర్థం. అక్కడ ప్రోగ్రామ్ ముగుస్తుంది. మూడు ఆధారంలో 0, 2, 2 అనే గడులను తీసుకుని చేతితో చేసి చూడండి. చివరి 2 అతి పెద్ద అంకె కనుక సున్నా అవుతుంది. దాని పక్క 2 కూడా సున్నా అవుతుంది. మొదటి గడిలో ఉన్నది 0 కనుక అది 1 అవుతుంది. 022 తరువాత 100 వచ్చింది. చిన్న తరగతుల కూడికలో పక్క స్థానానికి ఒకటి పంపామే, కంప్యూటర్ పుస్తకాలు క్యారీ అని పిలిచేది దానినే.

ఈ లోపలి వైల్ లూపు ప్రతిసారీ గడులన్నిటినీ తిరిగి వస్తుందేమో, పని ఎక్కువవుతుందేమో అని మీకు అనుమానం రావచ్చు. రావాలి కూడా. దశాంశంలో మూడు గడుల లిస్టును పూర్తిగా ఒక చుట్టు, అంటే వెయ్యి అడుగులు, నడిపామనుకోండి. ఒకట్ల గడి వెయ్యిసార్లూ మారుతుంది. పదుల గడి పది అడుగులకు ఒకసారి చొప్పున వందసార్లు, వందల గడి పదిసార్లు మాత్రమే మారతాయి. మొత్తం 1110 మార్పులు, అంటే అడుగుకు సగటున ఒకటి కంటే కాస్త ఎక్కువ. రెండు ఆధారంలో ఈ సగటు అన్నిటికంటే ఎక్కువ, అయినా అక్కడ కూడా గడులు ఎన్ని పెంచినా అది రెండుకు చేరదు. కనుక నిశ్చింతగా రాయండి.

విద్యార్థులు ఇక్కడ చేసే పొరపాట్లలో రెండింటిని మాత్రం చెబుతాను. అంకెను ఆధారంతో పోల్చడం మొదటిది. ఎనిమిది ఆధారంలో 8 అనే అంకె లేదు కనుక పోల్చవలసింది 7తో. రెండవది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తరచుగా కనిపిస్తుంది. ముద్రించడానికి బదులు ఫలితాలన్నిటినీ ఒక పెద్ద లిస్టులో దాచుకోవాలని అంకెల లిస్టును అలాగే అందులో చేరుస్తారు. చివరికి చూస్తే అన్ని వరుసల్లోనూ సున్నాలే ఉంటాయి. దాచినది అన్నిసార్లూ అదే ఒక్క లిస్టును కావడం, అది చివరకు సున్నాల దగ్గర ఆగడం దీనికి కారణం. ప్రతి అడుగులో నకలు తీసి దాచాలి. పైథాన్‌లోని ఐటర్‌టూల్స్ మాడ్యూల్‌లో ప్రొడక్ట్ అనే సిద్ధమైన ఫంక్షన్ ఈ పనినే చేసిపెడుతుంది. అయితే మీ సార్ పరీక్షిస్తున్నది మిమ్మల్ని, ఆ ఫంక్షన్‌ను కాదు.

ప్రశ్న: దశాంశ సంఖ్యను వేరే ఆధారంలోకి మార్చడానికి పదేపదే భాగిస్తూ శేషాలను కింది నుండి పైకి రాయాలని పిల్లలకు చెబుతున్నాం. కింది నుండి ఎందుకు అని ఒక అమ్మాయి అడిగితే సరైన సమాధానం చెప్పలేకపోయాను. ప్రోగ్రామ్‌గా రాసినప్పుడు 0 ఇస్తే ఏమీ ముద్రించడం లేదు, ఒకసారి రుణసంఖ్య ఇస్తే ఆగనే లేదు. (ఒక ఉపాధ్యాయురాలు, వరంగల్)

జవాబు: ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న పుస్తకాలు చాలావరకు దాటవేసేది. 1957 అనే సంఖ్యను ఎనిమిది ఆధారంలోకి మార్చుదాం. మీ దగ్గర 1957 పళ్లు ఉన్నాయని, బుట్టకు ఎనిమిది చొప్పున సర్దుతున్నారని అనుకోండి. 244 బుట్టలు నిండి 5 పళ్లు మిగులుతాయి. ఏ బుట్టలోనూ పట్టని ఈ 5 విడిపళ్లు, అంటే ఒకట్ల స్థానం. మొట్టమొదట తేలేది అదే. ఇప్పుడు పళ్లను వదిలి బుట్టలను పెట్టెకు ఎనిమిది చొప్పున సర్దితే 30 పెట్టెలు నిండి 4 బుట్టలు మిగులుతాయి. ఇది ఎనిమిదుల స్థానం. పెట్టెలను బండికి ఎనిమిది చొప్పున ఎక్కిస్తే 3 బండ్లు నిండి 6 పెట్టెలు మిగులుతాయి. ఆ 3 బండ్లు తరువాతి సర్దుబాటుకు చాలవు కనుక భాగఫలం సున్నా, శేషం 3. సర్దడం చిన్నదాని నుండి పెద్దదానికి సాగుతుంది, మనం రాయడమేమో పెద్దదాని నుండి చిన్నదానికి. కింది నుండి చదవవలసి రావడానికి ఇంతకు మించిన రహస్యం లేదు. జవాబు 3645.

ఇదే లెక్కను వెనక్కు నడిపి చూపిస్తే పిల్లలకు మరింత స్పష్టమవుతుంది. 3తో మొదలుపెట్టి, ఎనిమిదితో హెచ్చించి తరువాతి అంకెను కలుపుతూ వెళ్లండి. మూడు ఎనిమిదులు ఇరవై నాలుగుకు 6 కలిపితే 30. దానిని హెచ్చించి 4 కలిపితే 244. మళ్లీ హెచ్చించి 5 కలిపితే 1957. భాగహారంలో దిగి వచ్చిన మెట్లే 244, 30, 3. ఇప్పుడు ఎక్కుతున్నదీ వాటినే. బోర్డు మీద రెండింటినీ పక్కపక్కన రాస్తే చాలు, ఒక లూపు మరొక లూపును విప్పుతోందని వారే గమనిస్తారు.

సున్నా విషయం సులభమైనది. సంఖ్య సున్నా కంటే పెద్దదిగా ఉన్నంతవరకు అన్నది మీ వైల్ లూపు షరతు. సున్నా ఇస్తే లూపులోకి ఒక్కసారైనా ప్రవేశం ఉండదు. దానిని లూపుకు ముందే విడిగా చూసుకోవాలి, లేదా పని చేసిన తరువాత షరతును చూసే డూ వైల్ లూపు ఉన్న భాషలో రాయాలి.

రుణసంఖ్య వద్ద ప్రోగ్రామ్ ఆగలేదంటే మీరు పైథాన్ వాడుతున్నారని, షరతును సున్నా కాకపోతే అని రాశారని ఊహిస్తున్నాను. పైథాన్‌లో పూర్ణాంక భాగహారం ఎప్పుడూ కిందివైపుకు సవరిస్తుంది. అందువల్ల రుణ ఒకటిని రెండుతో భాగిస్తే భాగఫలం మళ్లీ రుణ ఒకటే వస్తుంది, సున్నా ఎన్నటికీ రాదు. సీ భాషలో అదే భాగహారం సున్నావైపుకు సవరిస్తుంది కనుక లూపు ఆగుతుంది, కానీ శేషాలు రుణాత్మకంగా వచ్చి అంకెలు చెడిపోతాయి. రెండు భాషల్లోనూ మందు ఒకటే: గుర్తును పక్కన దాచి, ధనసంఖ్యతో లూపు నడిపి, చివరలో గుర్తును తగిలించాలి.

ప్రశ్న: తపాలా శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. మా నాన్నగారి జమాఖర్చుల పుస్తకంలో 7-13-9 వంటి లెక్కలున్నాయి, అంటే ఏడు రూపాయల పదమూడు అణాల తొమ్మిది పైలు. ఇంజనీరింగ్ చదువుతున్న మా మనవరాలు ఇది ఏ బేస్ తాతయ్యా అని అడిగింది. పాత తెలుగు లెక్కల్లోని కాలు, వీసం, పరక అనేవి కూడా ఒక బేసేనా? (ఒక పాఠకుడు, తణుకు)

జవాబు: మీ మనవరాలికి సమాధానం ఇది: అది ఒక ఆధారం కాదు, స్థానానికి ఒక ఆధారం ఉన్న మిశ్రమ పద్ధతి. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు కనుక పైల చక్రానికి పన్నెండు అంకెలు, అణాల చక్రానికి పదహారు అంకెలు ఉన్న మీటరును ఊహించుకోవాలి. పుస్తకంలో 7-13-9 కింద 2-5-8 ఉందనుకుంటే, పైలు కలిపితే పదిహేడు. అందులో పన్నెండు తీసి ఒక అణాగా పంపగా మిగిలేవి 5. అణాలు ఆ ఒకటితో కలిపి పంతొమ్మిది. పదహారు తీసి ఒక రూపాయిగా పంపగా మిగిలేవి 3. రూపాయలు పది. మొత్తం 10-3-5. మీ నాన్నగారు దీనిని కలం ఆపకుండా చేసి ఉంటారు.

ప్రోగ్రామ్‌లో దీనికోసం మార్చవలసింది చాలా తక్కువ. పై విద్యార్థికి చెప్పిన పద్ధతిలో అన్ని గడులకూ ఒకే ఆధారం ఉంది. ఇక్కడ అంకెల లిస్టుకు తోడు హద్దుల లిస్టు ఒకటి పెట్టి, ఏ గడి దగ్గర ఉంటే ఆ గడి హద్దు కంటే ఒకటి తక్కువైన అంకెతో పోల్చాలి. గంటలు, నిమిషాలు, సెకన్లు చూపే గడియారం ప్రోగ్రామ్‌కూ ఇదే లిస్టు సరిపోతుంది, హద్దులు 24, 60, 60 అని మారితే చాలు. మన కొలపాత్రలూ ఇలాంటివే. నాలుగు గిద్దెలు సోల, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము అని నాలుగులతో సాగిన లెక్క చివర ఇరవై తూములు పుట్టి అని ఒక్కసారిగా ఇరవైకి దూకుతుంది. ఈ కొలతలు ప్రాంతాన్ని బట్టి కొంత మారేవి కనుక మీ వైపు వరుస వేరుగా ఉంటే హద్దుల లిస్టును ఆ మేరకు దిద్దుకోమనండి.

ఇక కాలు, వీసాల సంగతి. ఇది అచ్చంగా నాలుగు ఆధారమే, పైగా దీనికి ప్రత్యేకమైన అంకెలు కూడా ఉన్నాయి. ఒకటిని నాలుగు భాగాలు చేస్తే ఒక భాగం కాలు, రెండు భాగాలు అర, మూడు భాగాలు ముప్పాతిక. కాలును మళ్లీ నాలుగు చేస్తే ఒక భాగం వీసం, రెండు భాగాలు పరక, మూడు భాగాలు మువ్వీసం. అంటే వీసం పదహారో వంతు, పరక ఎనిమిదో వంతు. రాతలో మొదటి స్థానపు అంకెలకు ౹, ౺, ౻ అని నిలువు గీతలు, రెండవ స్థానపు అంకెలకు ౼, ౽, ౾ అని అడ్డగీతలు వాడేవారు; ఆ పై స్థానాల్లోనూ ఇలా నిలువు, అడ్డం మారుతూ వస్తాయి. నిలువు స్థానంలో ఏమీ లేదని చెప్పే గుర్తు హళ్లి, అడ్డ స్థానంలో ఏమీ లేదని చెప్పేది మామూలు సున్న. హళ్లికి హళ్లి, సున్నకు సున్న అని మనం అలవాటుగా అనే మాటలో రెండు రకాల శూన్యాలు పక్కపక్కనే కూర్చుని ఉన్నాయి. ఈ భిన్నాంకెలు 2008లో, కంప్యూటర్లలో అన్ని లిపులకూ ప్రమాణమైన యూనికోడ్‌లో చేరాయి కనుక ఇప్పుడు వాటిని కంప్యూటర్‌లోనూ రాయవచ్చు.

భిన్నాన్ని ఈ అంకెల్లోకి మార్చే లూపు, ఉపాధ్యాయురాలు అడిగిన లూపుకు తలకిందులు. అక్కడ భాగించి శేషం తీశాం. ఇక్కడ నాలుగుతో హెచ్చించి పూర్ణాంక భాగాన్ని తీయాలి, మిగిలిన భిన్నంతో మళ్లీ అదే చేయాలి. పదకొండు అణాలంటే రూపాయిలో పదహారింట పదకొండు వంతులు. నాలుగుతో హెచ్చిస్తే రెండు పూర్తిగా వచ్చి ముప్పాతిక మిగులుతుంది. ముప్పాతికను నాలుగుతో హెచ్చిస్తే సరిగ్గా మూడు. మొదటి స్థానంలో 2 అంటే అర, రెండవ స్థానంలో 3 అంటే మువ్వీసం. పదకొండు అణాలు రూపాయిలో అర, మువ్వీసం. ఇక్కడ అంకెలు వచ్చిన వరుసలోనే రాసుకోవచ్చు, తిరగవేయనవసరం లేదు.

ఇందులో దాగిన ఒక చిక్కును మీ మనవరాలికి తప్పక చూపించండి. పదో వంతును ఇదే లూపుకు ఇవ్వండి. మొదటి అంకె 0, తరువాత 1, తరువాత 2, మళ్లీ 1, మళ్లీ 2. ఇలా 1, 2 అనేవి అంతులేకుండా వస్తూనే ఉంటాయి. నాలుగులతో సాగే లెక్కలో పదో వంతుకు ఇమిడే రాత లేదు. అణాల రూపాయినీ పది మందికి పైలతో సమంగా పంచడం సాధ్యం కాదు; 192 పైలను పదితో భాగిస్తే రెండు మిగులుతాయి. రెండు ఆధారంలో లెక్కించే నేటి కంప్యూటర్‌కూ ఇదే ఇబ్బంది ఉంది. పైథాన్‌లో సున్నాకు 0.1ని లూపులో పదిసార్లు కలిపితే 1 రాదు, 0.9999999999999999 వస్తుంది, ఒకటికి సమానం అయ్యేవరకు అని షరతు పెట్టిన లూపు ఎప్పటికీ ఆగదు. ఎన్నిసార్లు అన్నది పూర్ణాంకంతో లెక్కపెట్టి, భిన్నాన్ని చివర హెచ్చించుకోవడం తెలివైన పని.

మన నాణేలు ఈ బాధ నుండి 1957 ఏప్రిల్ 1న బయటపడ్డాయి. ఆ రోజు నుండి రూపాయికి వంద నయాపైసలు. అయితే అణా సరిగ్గా ఆరుంపావు నయాపైసలు కావడంతో మార్పిడిలో ఒక అణాకు 6, రెండింటికి 12, మూడింటికి 19, నాలుగింటికి 25 అని సవరించుకోవలసి వచ్చింది. నాలుగో అణా దగ్గర లెక్క చక్కగా కలిసింది కనుకనే కాబోలు, పావలా అనే పేరు కొత్త పద్ధతిలోనూ చెక్కుచెదరలేదు. ఇక పదహారణాల తెలుగు అన్న మాటను వంద పైసలకు మార్చే ధైర్యం ఎవరూ చేయలేదు.

ప్రశ్న: ఛందస్సులోని ప్రస్తారం, అంటే గురులఘువుల కూర్పులన్నిటినీ వరుసగా రాసే పద్ధతి, నేటి బైనరీ (రెండు ఆధారం) లెక్కే అని ఒక ఉపన్యాసంలో విన్నాను. ఇది నిజమా, లేక అభిమానంతో అనే మాటా? (తెలుగు ఎం.ఏ. విద్యార్థిని, రాజమహేంద్రవరం)

జవాబు: లెక్క నిజం, దానిపై కట్టే కోటల్లో కొన్ని అభిమానం. పింగళుని ఛందశ్శాస్త్రంలోని గణాల వరుస మ, య, ర, స, త, జ, భ, న. గురువుకు 0, లఘువుకు 1 అని రాసి, మీటరు చక్రాలను కుడి నుండి కాక ఎడమ నుండి తిప్పితే ఈ వరుసే వస్తుంది. మూడు గురువుల మగణం 0. మొదటి అక్షరం లఘువుగా మారిన యగణం 1. మొదటిది మళ్లీ గురువై రెండవది లఘువైన రగణం 2. అలా సాగి మూడు లఘువుల నగణం 7. రెండేసి అడుగులు వేసే మూడు లూపులను ఒకదానిలో ఒకటి పెట్టి, అన్నిటికంటే లోపలి లూపును మొదటి అక్షరానికి అప్పగిస్తే మీ కంప్యూటర్ ఈ ఎనిమిదింటినీ ఇదే క్రమంలో ముద్రిస్తుంది.

నాకు దీనికంటే ఆశ్చర్యంగా అనిపించేది నష్టం అనే ప్రక్రియ. వరుసలో ఫలానా సంఖ్య దగ్గర ఏ గణం ఉందో, ముందున్నవేవీ రాయకుండానే చెప్పడం దాని పని. సంఖ్య సరి అయితే లఘువు రాసి సగం చేయాలి. బేసి అయితే గురువు రాసి, ఒకటి కలిపి సగం చేయాలి. ఆరో గణం ఏది? ఆరు సరి కనుక లఘువు, సగం మూడు; మూడు బేసి కనుక గురువు, ఒకటి కలిపి సగం చేస్తే రెండు; రెండు సరి కనుక లఘువు. లఘువు, గురువు, లఘువు అంటే జగణం. పై వరుసలో ఆరోది అదే. పదేపదే భాగించి శేషాన్ని చూసే వైల్ లూపు ఇది కాక మరేమిటి? ఒకటి కలపడం ఎందుకంటే అక్కడ లెక్క సున్నాతో కాక ఒకటితో మొదలవుతుంది.

అయితే పింగళుడు వెతికినది పద్య వృత్తాల జాబితాను. ఈ గుర్తులతో కూడికలు, హెచ్చవేతలు చేసే అంకగణితం అక్కడ కనిపించదు. కంప్యూటర్ మన ఛందస్సులోనే పుట్టిందని చెప్పడానికి ఈ సాక్ష్యం చాలదు. మీ పరిశోధనకు మరొక ఉదాహరణ: బడిలో వల్లెవేసిన యమాతారాజభానసలగం అనే సూత్రంలో పది అక్షరాలే ఉన్నా, వరుసగా ఏ మూడింటిని తీసుకున్నా ఒక కొత్త గణం వస్తుంది, ఎనిమిది గణాలూ ఒక్కొక్కసారే వస్తాయి. దానిని సరిచూడడానికి 0 నుండి 7 వరకు ఒక్క ఫర్ లూపు చాలు.

ప్రశ్న: స్ప్రెడ్‌షీట్ నిలువు వరుసల పేర్లు ఏ (A) నుండి జడ్ (Z) వరకు, తరువాత ఏఏ, ఏబీ అని వస్తాయి కదా. దీనిని ఇరవై ఆరు ఆధారంగా భావించి ప్రోగ్రామ్ రాశాను. అన్నీ సరిగ్గా వస్తున్నాయి కానీ 26, 52 దగ్గర మాత్రం తప్పుతోంది. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు)

జవాబు: ఆ పద్ధతిలో సున్నా లేదు, అందుకే. A విలువ ఒకటి, Z విలువ ఇరవై ఆరు. మీ లూపు 26ను భాగించి శేషం సున్నా అని తేల్చి, సున్నాకు అక్షరం లేక తికమకపడుతోంది. భాగించే ముందు ప్రతి అడుగులోనూ సంఖ్యలో నుండి ఒకటి తీసివేయండి. 52లో ఒకటి తీస్తే 51, దానిని 26తో భాగిస్తే శేషం 25, అంటే సున్నా నుండి లెక్కిస్తే జడ్, భాగఫలం 1. దానిలో ఒకటి తీస్తే 0, అంటే ఏ. పేరు ఏజడ్. తీసివేతను లూపుకు ముందు ఒక్కసారే చేసి ఊరుకుంటే రెండక్షరాల పేర్లు తప్పుతాయి, అది లోపలే ఉండాలి. సరిచూసుకోవడానికి, ఎక్సెల్‌లోని చిట్టచివరి నిలువు వరుస ఎక్స్ఎఫ్‌డీ. మీ ప్రోగ్రామ్ దానికి 16384 అని చెప్పాలి.

ప్రశ్న: మా అబ్బాయి సీ భాషలో నెలల పట్టిక రాస్తూ 01, 02 అని అందంగా రెండేసి అంకెలతో వేశాడు. 08, 09 దగ్గర మాత్రం కంపైలర్ (ప్రోగ్రామ్‌ను కంప్యూటర్ భాషలోకి మార్చే సాధనం) తప్పు చూపుతోంది. ఆగస్టు, సెప్టెంబరు చేసిన పాపమేమిటి? (ఒక తండ్రి, నల్లగొండ)

జవాబు: సీ భాషలో ముందు సున్నా పెట్టి రాసిన సంఖ్య ఎనిమిది ఆధారంలోనిదని అర్థం. ఆ ఆధారంలో 8, 9 అనే అంకెలు లేవు కనుక ఆ రెండు నెలలూ దొరికిపోయాయి. 01 నుండి 07 వరకు ఎనిమిది ఆధారంలో చదివినా, దశాంశంలో చదివినా విలువ ఒకటే కావడంతో అవి గుట్టుగా దాటిపోయాయి. అక్టోబరు నుండి ముందు సున్నా అవసరం లేదు. పైథాన్ మూడవ తరంలో ఇటువంటి రాతను మొదటి నెల దగ్గరే తప్పుపడుతుంది, ఎనిమిది ఆధారం కావాలంటే సున్నా తరువాత ఓ అనే ఇంగ్లీషు అక్షరాన్ని పెట్టాలి. సున్నాలను సంఖ్యలో కాక, ముద్రించేటప్పుడు రెండు అంకెల వెడల్పుతో చూపమని మీ అబ్బాయికి చెప్పండి. ఒకవేళ అతడు మూడేసి అంకెలతో పట్టిక వేసి ఉంటే, 008, 009 దగ్గర తప్పు కనిపించేది కానీ అక్టోబరుకు రాసిన 010ను కంపైలర్ ఏ ఫిర్యాదూ లేకుండా అంగీకరించి, దానిని 8గా లెక్కపెట్టి ఉండేది.